ఉభయకుశలోపరి

2024 మార్చిలో ఒక పెళ్ళికని తెనాలి వెళ్ళాను. అర్ధరాత్రి దాటాక రైలు దిగి, ఆటో మాట్లాడుకుని చెంచుపేటలో మా పిన్ని ఇంటికి చేరాను. బాబాయి పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో పిన్ని ఒక్కతే ఉంటుంది. గేటు దగ్గర నిలబడి పిలిస్తే లైటు వెంటనే వెలిగింది గానీ, తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. నిద్రమత్తేమో అనుకున్నాను. తలుపు రెక్క పట్టుకుని నిలబడి "రా అమ్మాయ్, ఏమన్నా తిన్నావా?" అంది. నేను చెప్పులు విప్పి, సంచి లోపల పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చినా ఆ రెక్క వదల్లేదు. "నువ్వెళ్ళి పడుకో, నేను గడియ పెట్టి వస్తా" అంది. వెళ్ళి పడుకున్నాను.

తెల్లవారి ఆరింటికి మెలకువ వచ్చింది. అలవాటు కొద్దీ ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పిన్ని వాట్సాప్ స్టేటస్ అప్పుడే పడింది. చుక్కలు పెట్టి తిప్పిన మెలికల ముగ్గు, నాలుగు మూలలా తామరపూలు, కింద "శుభోదయం". రోజూ చూసేదే. ఒక దండం బొమ్మ నొక్కి పక్కకి తిరిగితే, పిన్ని పక్క మంచం మీదే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను నొక్కిన దండం ఆమె ఒళ్ళో ఉన్న ఫోన్‌లో టింగుమంది.

లేచి వీధి తలుపు తీసి చూశాను. వాకిట్లో నిన్నటి చెత్త అలాగే ఉంది. కళ్ళాపి లేదు, ముగ్గు లేదు.

"ముగ్గేది పిన్నీ?" అన్నాను.

"నిరుటిదిలే. కాఫీ పెట్టుకో, డికాషన్ ఉంది" అంది, నా వైపు చూడకుండా.

సంక్రాంతి వెళ్ళిన వారానికి బాత్‌రూమ్‌లో జారి పడిందట. తుంటి ఎముక బీటలు వారింది, ఆపరేషన్ అక్కర్లేదు గానీ మూడు నెలలు వంగకూడదని డాక్టర్ చెప్పాడట. వాకర్ పట్టుకుని నడుస్తోంది. నేను వస్తున్నానని దాన్ని వంటింటి తలుపు వెనక పెట్టేసింది. రాత్రి నేను నిద్రపోయాక గోడ పట్టుకుంటూ మంచం దాకా వచ్చిందట.

ఆ ముగ్గు ఫొటో మళ్ళీ తెరిచి, వేళ్ళతో పెద్దది చేసి చూశాను. తెల్ల గీతల మధ్య అక్కడక్కడా తెల్లటి మచ్చలు. ముగ్గుపిండి చెదిరిందనుకున్నాను ఇన్నాళ్ళూ. అవి మునగపూలు. గేటు పక్కన మునగచెట్టు ఉండేది, పూత మీద ఉంటే పొద్దునకల్లా వాకిలంతా రాలేవి. ఆ చెట్టు 2023 డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు, వేళ్ళతో సహా పడిపోయింది. పడిన చెట్టు ఫొటో కూడా పిన్ని స్టేటస్‌లో పెట్టింది. దానికి నేను ఏడుపు బొమ్మ పెట్టాను. చెట్టు లేదని నాకు తెలుసు. తెలిసి కూడా, లేని చెట్టు పూలు రాలిన ముగ్గులకు రెండు నెలలపాటు దండాలు పెడుతూ వచ్చాను.

స్టేటస్ కింద కంటి బొమ్మ నొక్కితే ఎవరెవరు చూశారో వస్తుంది కదా. పిన్ని ఫోన్ తీసుకుని ముందు రోజుది నొక్కాను. 64 మంది. అక్కచెల్లెళ్ళు, ఆడపడుచులు, మేనల్లుళ్ళు, వీధి చివర కిరాణా కొట్టతను, పాత ఇంటి ఓనరు. నా పేరు పైనుంచి మూడోది. ఈ రెండు నెలల్లో ఎవరన్నా ఫోన్ చేశారా అని అడిగాను. "ఎందుకు చేస్తారే, రోజూ కనపడుతూనే ఉన్నాగా" అంది.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ వ్యాసమంతా ఆ మాట గురించే.

తిరిగొచ్చాక ఈ సంగతి చెబితే, దాదాపు అందరూ ఒకటే అన్నారు: సోషల్ మీడియా అంతా నాటకం, ఎవరూ ఉన్నది ఉన్నట్టు పెట్టరు, మీ పిన్నీ అంతే. నేను ఒప్పుకోను. పిన్నికి నాటకం ఆడాల్సిన అవసరం లేదు, గొప్పలు పోయే మనిషీ కాదు. ఆ ముగ్గు ఎవరి కోసమో మధ్యాహ్నం అన్నాలప్పుడు చెప్పింది. తమ్ముడి కోసం.

తమ్ముడంటే పిన్ని కొడుకు, డాలస్‌లో ఉంటాడు. ఇక్కడ తెల్లవారేసరికి అక్కడ సాయంత్రం. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే వేళకి అమ్మ ముగ్గు పడుతుంది, అది చూసి 'అమ్మ లేచింది' అనుకుంటాడు. ఎప్పుడో ఒకరోజు కరెంటు పోయి ఫోన్ చార్జింగ్ లేక ముగ్గు పడకపోతే, పక్కింటివాళ్ళకి ఫోన్ చేసి మరీ లేపించాడట. అందుకని, పడిన రెండో రోజు నుంచే గ్యాలరీలో నిరుటి ముగ్గులు వెతికి రోజుకొకటి పెట్టడం మొదలుపెట్టింది. కొడుకు అంత దూరం నుంచి పరుగెత్తుకు రాలేడు, తెలిస్తే టెన్షన్ పడటం తప్ప వాడు చేయగలిగింది ఏముంది అన్నది ఆమె లెక్క.

ఆ రాత్రి వాడికి నేనే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కా, నీకో మాట చెప్తాను, అమ్మకి చెప్పకు" అన్నాడు. నవంబరులో వాడి ఉద్యోగం పోయిందట. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు ఇంకో కంపెనీ తమ పేరు మీద దరఖాస్తు పెట్టాలి, లేదా దేశం విడిచి వెళ్ళే ఏర్పాట్లు చూసుకోవాలి. ఇంకో పది రోజుల్లో గడువు ముగుస్తుందనగా వేరే ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో వాడు పెట్టిన స్టేటస్‌లు నాకు గుర్తున్నాయి. చెరువు ఒడ్డున పాప సైకిల్ తొక్కుతున్న ఫొటో, ఇంట్లో చేసుకున్న పులిహోర ఫొటో. పిన్ని ఆ సైకిల్ ఫొటోని వీధిలో అందరికీ చూపించింది. "పాప ఫొటోలు పెట్టకపోతే అమ్మ ఏమైందని అడుగుతుంది కదక్కా" అన్నాడు.

అటూ ఇటూ ఇద్దరూ ఒకరి కోసం ఒకరు బాగున్నట్టు కనిపించారు. ఇద్దరూ ఒకరి స్టేటస్ ఒకరు చూసుకుని నిశ్చింతగా పడుకున్నారు. ఇందులో నాటకం ఎవరిది? దీన్ని అబద్ధమని కొట్టిపారేస్తే మనకి ఆ ఇద్దరి గురించీ ఏమీ తెలియనట్టే.

మా అమ్మమ్మ అమ్మకి రాసిన ఇన్‌లాండ్ కవర్లు కొన్ని ఇంకా మా ఇంట్లో ఉన్నాయి. అన్నీ ఒకేలా మొదలవుతాయి. "ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి." ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా సరే, మొదటి వాక్యం క్షేమమే. కానీ ఆ మాట చివర చూడండి: ఉపరి. పైన, ఆ తర్వాత అని. ఇరువైపులా క్షేమం అనుకున్నాం కదా, ఇక అసలు సంగతికి వద్దాం అని ఆ మాటే పిలుస్తుంది. అమ్మమ్మ ఉత్తరాల్లో క్షేమం రెండు వాక్యాలైతే ఉపరి మూడు మడతల నిండా ఉండేది. గేదె ఈనిన సంగతి, వడ్ల ధర, తాతయ్యకి మళ్ళీ మొదలైన ఆయాసం, పెద్దమ్మతో వచ్చిన మాట పట్టింపు. చోటు అయిపోతే అంచుల్లో, బంక రాసే మడత లోపలి వైపున కూడా చీమల్లాంటి అక్షరాలు. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర తా.క. (తాజా కలం) దగ్గర ఉండేది. "తా.క. పెద్దాడి చదువు ఆపేద్దామంటున్నారు. నువ్వొకసారి వస్తే బాగుంటుంది."

అమ్మ ఉత్తరం రాగానే చివరి నుంచి చదివేది. క్షేమం అన్న మాటని ఆమె అబద్ధమని ఎప్పుడూ అనుకోలేదు. అది గుమ్మం లాంటిది, అక్కడ ఎవరూ ఆగిపోరు.

స్టేటస్ కూడా క్షేమం వాక్యమే. దాని తర్వాత ఉపరి లేదు. 24 గంటలయ్యాక మాయమైపోతుంది, మర్నాడు ఇంకో క్షేమం. మనం గుమ్మం చూసి ఇల్లంతా చూశామనుకుంటున్నాం.

ఉపరి ఎందుకు పోయిందని చాలా ఆలోచించాను. మనుషులు మారిపోయారు, ప్రేమలు తగ్గిపోయాయి అనే మాటతో నాకు సమాధానం దొరకలేదు. నాకు తోచిన కారణం ఇంకా మామూలుది. ఉత్తరం మీద ఒక్క చిరునామా ఉంటుంది. స్టేటస్‌కి చిరునామా లేదు. వాట్సాప్‌లో ఈ స్టేటస్ ఏర్పాటు 2017 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకు ఆర్నెల్ల ముందే, 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకైంది. పిన్ని వయసువాళ్ళు చాలామంది ఇంటర్నెట్‌లోకి వచ్చింది అప్పుడే. మనం ప్రత్యేకంగా సెట్టింగ్ మార్చుకుంటే తప్ప, స్టేటస్ మనం నంబరు దాచుకున్నవాళ్ళందరికీ వెళ్తుంది, వాళ్ళ ఫోన్లో మన నంబరు కూడా ఉంటే. కొడుకు, వియ్యపురాలు, పాలబ్బాయి, గ్యాస్ బండ తెచ్చే అతను, ముప్పై ఏళ్ళుగా మాట్లాడని తోడికోడలు, అందరూ ఒకే వరసలో నిలబడి చూస్తారు. ఇంతమంది ముందు ఒకేసారి చెప్పగలిగిన మాట ఏముంటుంది? శుభోదయం. పెళ్ళి పందిట్లో మైకు చేతికిస్తే ఎవరైనా తుంటి నొప్పి గురించి చెప్పుకుంటారా? వేరువేరు చోట్ల, వేరువేరుగా ఉండాల్సిన వినేవాళ్ళు ఒకేచోట కుప్పగా పడటాన్ని ఆలిస్ మార్విక్, డానా బోయిడ్ అనే పరిశోధకులు సోషల్ మీడియా తొలి రోజుల్లోనే గుర్తించి, కాంటెక్స్ట్ కొలాప్స్ అన్న పేరుతో వివరించారు. పిన్నికి ఆ పేరు తెలియదు. "అందరూ చూస్తారు కదే" అంటుంది. రెండూ ఒకటే.

ఇక్కడే నేను ఇంకొకరితో కూడా విభేదించాలి. ఆన్‌లైన్‌లో ఒకలా, బయట ఒకలా ఉండటమే తప్పు, మనిషికి ఒకే ముఖం ఉండాలి అనే వాళ్ళతో. ఫేస్‌బుక్ పెట్టిన మార్క్ జుకర్‌బర్గ్ అలాంటి మాటే అన్నాడు. రెండు గుర్తింపులు ఉండటం నిజాయితీ లేకపోవడానికి ఒక ఉదాహరణ అని అతను అన్న మాట 2010లో అచ్చయింది. వినడానికి నీతిగా ఉంటుంది. కానీ మన భాషలో పొద్దున లేచిన దగ్గర్నుంచి మనం ఎన్ని రకాలుగా మాట్లాడతామో చూడండి. మా ఆయన వాళ్ళ నాన్నతో "అలాగేనండి" అంటాడు. అదే నిమిషంలో స్నేహితుడి ఫోన్ వస్తే "ఏరా, చావలేదా ఇంకా" అంటాడు. నేను బ్యాంకు కౌంటర్ వెనక ఒక మనిషిని, అత్తగారి ముందు ఇంకో మనిషిని, చిన్నప్పటి స్నేహితురాలు వస్తే ఎనిమిదో తరగతి పిల్లని. వీటిలో ఏది అబద్ధం? ఎవరి దగ్గర ఎంత విప్పాలో తెలిసి ఉండటాన్ని మన పెద్దవాళ్ళు మర్యాద అన్నారు, మోసం అనలేదు.

ఒకే ముఖం ఉండాలని పట్టుబడితే ఏమవుతుందో మా అపార్ట్‌మెంట్‌లో కళ్ళారా చూశాను. అమెరికా వీసా దరఖాస్తులో గడిచిన ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయమని 2019 నుంచే అడుగుతున్నారు. 2025 జూన్‌లో ఇంకో అడుగు వేసి, విద్యార్థి వీసా అడిగేవాళ్ళు తమ ప్రొఫైళ్ళని ఎవరైనా చూసేలా పబ్లిక్‌గా పెట్టాలన్నారు. మా కింద ఫ్లాట్ కుర్రాడు ఎంఎస్‌కి సీటు తెచ్చుకుని ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తున్నాడు. మంచి కవిత్వం రాస్తాడు, కోపంగా రాస్తాడు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, "ఆంటీ, మీరొకసారి చూసి ఏవి తీసేయాలో చెప్పండి" అని ఫోన్ ఇచ్చాడు. ఇద్దరం కూర్చుని రెండు గంటలు చూశాం. ప్రభుత్వాల మీద రాసినవి తీసేశాడు. స్నేహితులతో వేళాకోళంగా అన్నవి తీసేశాడు. వాళ్ళ తాత చనిపోయినప్పుడు రాసిన కవితలో ఆస్పత్రిని తిట్టిన రెండు పాదాలున్నాయి, అదీ తీసేశాడు. నేను వద్దనలేకపోయాను, వాడి చదువు, వాళ్ళ నాన్న తీసుకున్న అప్పు అన్నీ దాని మీదే ఉన్నాయి. చివరికి మిగిలింది బిర్లామందిర్ దగ్గర సెల్ఫీ, కాలేజీ ఫేర్‌వెల్, దీపావళి శుభాకాంక్షలు. అందరికీ కనిపించాల్సి వచ్చిన ఆ ఒక్క ముఖంలో వాడు లేడు.

ఆన్‌లైన్ మనిషికీ బయటి మనిషికీ మధ్య దూరం ఉండటం మంచిదే అనడానికి నా దగ్గర సొంత కారణం కూడా ఉంది. 2008 నుంచి నాలుగేళ్ళు మారుపేరుతో తెలుగు బ్లాగు రాశాను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే లేఖినిలో టైపు చేసి, పొరపాట్లు దిద్దుకుని, పోస్టు వేసి, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలిలో అది కనిపించేదాకా పేజీ మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకున్న రోజులు. పెళ్ళైన మూడో ఏడు నాకు నాలుగో నెలలో గర్భం పోయింది. ఇంట్లో అందరూ మంచివాళ్ళే. కానీ ఆ మాట ఎత్తితే అత్తగారు "మళ్ళీ వస్తుందిలే, ఏడవకూడదు" అని మాట మార్చేవారు. అమ్మ అయితే నాకన్నా ముందే ఏడ్చేది, ఆమెని ఓదార్చడం నా పనయ్యేది. కొన్నేళ్ళ తర్వాత ఆ విషయం బ్లాగులో రాశాను, మారుపేరుతో. ఎక్కడో ఖమ్మంలో ఉన్న ఒకావిడ, సింగపూర్‌లో ఉన్న ఇంకొకావిడ రాసిన మాటలు చదివి మొదటిసారి కడుపారా ఏడ్చాను. ఆ పేరు నాది కాదు. కానీ నేను ఇంట్లో తిరిగే మనిషిలో కన్నా ఆ పేరులోనే నిజంగా ఉన్నాను. జాన్ సులర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2004లో దీని గురించి రాశాడు. తెర వెనక ఉన్నామన్న ధైర్యం మనిషి చేత మనసు విప్పిస్తుంది, అదే ధైర్యం ఇంకొకరిని తిట్టిస్తుంది కూడా అని. ఆ రెండోది నేనూ పడ్డాను. ముఖం లేనివాళ్ళు అన్న మాటలకి రెండు రాత్రులు నిద్రపోలేదు. అయినా ఆ మారుపేరు నాకు చేసిన మేలు నేను మరచిపోలేను. ఆన్‌లైన్ మనిషి అంటేనే పైపై మనిషి అని ఎవరన్నా తేల్చేస్తే నాకు బాధ కలుగుతుంది.

కాబట్టి ముఖాలు రెండుండటం మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు చూసేవాళ్ళ మీద, అందులో నా మీద. పిన్ని దాచింది. దాచుకునే హక్కు ఆమెకుంది. కానీ వెనకటి రోజుల్లో అయితే దాచినా దాగేది కాదు, ఎందుకంటే అడిగేవాళ్ళుండేవాళ్ళు. ఫోన్లో గొంతు వింటే "ఏంటి అలా ఉన్నావ్?" అనేవాళ్ళం. మంచం మీంచి లేచేటప్పుడు అమ్మా అని మూలిగితే అవతలివాళ్ళకి వినపడేది. నెలకొక ఫోన్ వచ్చే రోజుల్లో ఆ ఒక్క ఫోన్లో మనిషి పూర్తిగా తెలిసేది. ఇప్పుడు రోజూ కనపడుతున్నాం కాబట్టి అడగాల్సిన పని లేదనుకున్నాం. కనపడటం అడగడానికి బదులుగా వచ్చి కూర్చుంది. బొమ్మ నొక్కితే పలకరించినట్టే అనిపిస్తుంది, మనసులో ఆ బాకీ తీరిపోతుంది. నా మనసులో అలాగే తీరింది, రెండు నెలలపాటు, రోజూ. పిన్ని తలనొప్పికి కూడా ఆగలేని మనిషినని అనుకునేదాన్ని నేను.

ఫొటోలో ఉన్నది కూడా చూడలేదు కదా అన్నది ఇంకా బాధ. పిన్ని ఏమీ మాయ చేయలేదు. పూలు ఫొటోలో ఉన్నాయి. 64 మందిలో ఒక్కరికి, చెట్టు పడిందని తెలిసిన ఒక్కరికి, ఆ పూలు కనపడి ఉంటే చాలు.

ఇంటికొచ్చాక ఫోన్ తీసేద్దామని, వాట్సాప్ మానేద్దామని అనుకోలేదు. తమ్ముడికి ఆ ముగ్గు కావాలి, పిన్నికి ఆ సైకిల్ కావాలి. నేను మార్చుకున్నది చిన్న విషయం. బొమ్మ నొక్కడం మానేశాను. ఎవరి స్టేటస్ చూసినా మనసు ఊరుకోకపోతే ఫోన్ చేస్తాను, లేదంటే ఊరకే ఉంటాను. ఫోన్ చేస్తే "బాగున్నావా" అని అడగను, దానికి బాగున్నాననే జవాబు వస్తుంది. "పొద్దున ఏం వండావు, ఎవరన్నా వచ్చారా, నిన్న రాత్రి ఎప్పుడు పడుకున్నావు" అని అడుగుతాను. మొదట్లో కొందరు కంగారుపడ్డారు, ఏదో పని మీద చేశాననుకున్నారు. ఒక మేనత్తకి ఫోన్ చేస్తే పది నిమిషాలు మాట్లాడి "ఇంతకీ ఎందుకు చేశావమ్మా?" అని అడిగింది. తమ్ముడు కూడా వారానికొకసారి వీడియో కాల్‌లో వాళ్ళమ్మని నడిచి చూపించమంటున్నాడు. వాడి ఉద్యోగం సంగతి వాడే చెప్పాడు, ఏప్రిల్‌లో. పిన్ని రెండు రోజులు అలిగింది.

పిన్ని తుంటి కుదుటపడేసరికి ఎండాకాలం అయిపోయింది. ఆ డిసెంబరులో ధనుర్మాసం మొదలైన రోజు పొద్దున ఆమె స్టేటస్‌లో ముగ్గు పడింది. చిన్నది, ఐదు చుక్కలది. గీతలు అక్కడక్కడా వంకర పోయాయి, ఒకచోట చెయ్యి ఆగి పిండి కుప్పగా పడింది. పూలేమీ లేవు. ఫొటో ఎడమ మూల ఏదో ఎర్రగా కొంచెమే కనపడుతోంది. పెద్దది చేసి చూసి ఫోన్ చేశాను.

"పిన్నీ, కూర్చుని వేస్తున్నావా? స్టూలు కొన్నావా?"

"కనపడిందా?" అంది. "పక్కకి జరిపానే తీసేటప్పుడు. ప్లాస్టిక్‌ది, నూట ఎనభై. దాని మీద కూర్చుంటే చెయ్యి అందట్లేదమ్మాయ్, సగం వేసి లేచి, దాన్ని జరుపుకుని, మళ్ళీ సగం వేశాను. నిన్నట్నుంచీ ఈ ఎడమ మోకాలు కూడా..." అంటూ మొదలుపెట్టింది. ఆ రోజు బ్యాంకుకి పావుగంట ఆలస్యంగా వెళ్ళాను.